దశాబ్దమునకొక ఛానల్: ఉపగ్రహ రేడియో కథ

హైదరాబాదులో బస్సెక్కి విజయవాడ వైపు ప్రయాణము చేయువారికి ఒక అనుభవము పరిచితమే. బయలుదేరునపుడు డ్రైవరు ముందున్న రేడియోలో ఎఫ్.ఎం. పాట గంట కొట్టినట్లు వినిపించుచుండును. నగరము దాటి కొంతదూరము పోగానే పాటలో బుస్సుమను శబ్దము కలియును. మరికొంత దూరము పోవుసరికి చరణము వినబడును, పల్లవి వినబడదు. సూర్యాపేట చేరునప్పటికి మిగులునది బుసయే. కోదాడ దాటి విజయవాడ సమీపించుచుండగా అదే పెట్టెలో వేరొక కేంద్రము మెల్లగా గొంతు విప్పును. ఈ రెండు నగరముల నడుమనున్న సూర్యాపేట, కోదాడ పట్టణములకును, అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపైనున్న మిర్యాలగూడకును నగరపు ఎఫ్.ఎం. అందని పండే.

ఇట్టి ప్రదేశమున నివసించు ఒక శ్రోతకు 1980ల నాటి సినిమా పాటలే రోజంతయు వినవలెనని కోరిక పుట్టినదనుకొందము. ఆయన యౌవనమున ‘శంకరాభరణము’ (1980), ‘సాగర సంగమము’ (1983), ‘గీతాంజలి’ (1989) వంటి చిత్రములు వచ్చినవి. కె.వి. మహదేవన్, ఇళయరాజా స్వరములు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గళము ఆయన చెవిలో నిలిచిపోయినవి. ఆ పదేండ్ల పాటలకే ఒక రేడియో కేంద్రమును ఈ పట్టణములలో ఎవరైనను పెట్టుదురా? పెట్టరు. ఎందుకు పెట్టరో, అట్టి కేంద్రము ప్రపంచమున మరియొకచోట ఎట్లు సాధ్యమైనదో, మన దేశమున ఎందుకు నిలువలేదో ఈ వ్యాసమున చూతము. ఇందులో సగము భౌతికశాస్త్రము, సగము లెక్క.

రేడియోకు దిగంతము

ఎఫ్.ఎం. కేంద్రములు సుమారు 100 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యము గల తరంగములను ప్రసారము చేయును. వాటి తరంగదైర్ఘ్యము సుమారు 3 మీటర్లు. ఇవి వెలుగువలె దాదాపు సరళరేఖలలో పయనించును. భూమి గుండ్రముగా ఉన్నది గనుక, సముద్రతీరమున నిలిచినవానికి దూరపు ఓడ అదృశ్యమైనట్లే, కొంత దూరమునకు అవతలనున్న రేడియోకు ప్రసార స్తంభము కనుమరుగగును.

ఈ దూరము లెక్కించుటకు సులభమైన సూత్రము ఉన్నది. స్తంభము ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.12 చేత గుణించినచో, కిలోమీటర్లలో రేడియో దిగంతము వచ్చును. వాతావరణము తరంగములను కొద్దిగా క్రిందికి వంచును గనుక ఈ సంఖ్య కంటికి కనబడు దిగంతముకంటె కొంచెము ఎక్కువ. 100 మీటర్ల స్తంభమునకు వర్గమూలము 10. కావున దాని దిగంతము 41 కిలోమీటర్లు. వినువాని ఏరియల్ కూడ ఎత్తున ఉన్నచో దాని దిగంతమును ఇదే సూత్రముతో లెక్కకట్టి కలుపవలెను. 4 మీటర్ల ఎత్తున్న డాబాపై ఏరియల్ పెట్టినచో మరి 8 కిలోమీటర్లు కలిసివచ్చును.

హైదరాబాదునుండి సూర్యాపేటకు పక్షి ఎగిరిన దారిన సుమారు 120 కిలోమీటర్లు. నేల సమతలముగా ఉన్నదనుకొని, అంత దూరము కనిపించుటకు స్తంభము ఎంత ఎత్తు ఉండవలెనో లెక్కించిన, 850 మీటర్లు వచ్చును. ప్రపంచములో మిక్కిలి ఎత్తైన కట్టడముగా పేరొందిన దుబాయి బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. అదియును చాలదు! నగరము నిలిచిన నేల ఎత్తు కొంత సాయపడినను, నడుమనున్న గుట్టలు దానిని తిరిగి హరించును. బస్సులోని పాట దారిలో మాయమగుటకు కారణము ఇదియే. డ్రైవరు రేడియోను మార్చినను ప్రయోజనము లేదు.

‘మరి మా తాతగారు ఇదే ఊరిలో హైదరాబాదు వినెడివారే!’ అని విద్యార్థులు అడుగవచ్చును. నిజమే. ఆయన వినినది మధ్యతరంగము. హైదరాబాదు ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ పైనను, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పైనను వినిపించినవి. 738 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యము సుమారు 406 మీటర్లు. ఇంత పొడవైన తరంగము నేలను అంటిపెట్టుకొని భూమి వంపుతోబాటు పోగలదు. రాత్రివేళ పై వాతావరణములోని అయనావరణము దానిని ప్రతిఫలింపజేయును గనుక ఇంకను దూరము చేరును.

అట్లయినచో మధ్యతరంగముపైనే దశాబ్దమునకొక కేంద్రము పెట్టరాదా? ఇక్కడ చోటు చాలదు. మన ప్రాంతములో మధ్యతరంగ పట్టీ 531 నుండి 1602 కిలోహెర్ట్జ్ వరకు ఉన్నది. కేంద్రమునకు, కేంద్రమునకు 9 కిలోహెర్ట్జ్ ఎడము ఉండవలెను. లెక్కించిన మొత్తము 120 స్థానములే వచ్చును. వీటిని దేశములోని అన్ని భాషల కేంద్రములును, ఇరుగు పొరుగు దేశములును పంచుకొనవలెను. అందుచేత ఆకాశవాణి స్థలమునకు బదులు కాలమును పంచినది. 1957 అక్టోబరు 3న ప్రారంభమైన వివిధభారతిలో పాత పాటలకు ఒక వేళ, కొత్త పాటలకు ఒక వేళ ఏర్పడినవి. పాత హిందీ పాటల ‘భూలే బిసరే గీత్’ కొరకు శ్రోతలు గడియారము చూచుకొని కూర్చొనెడివారు. అరగంట గడచిన, మరునాటివరకు వేచియుండవలసినదే.

చిన్న వృత్తములో చిన్న రుచికి తావులేదు

ఇప్పుడు రెండవ లెక్కకు వత్తము. సూర్యాపేటలో ఒక ఎఫ్.ఎం. కేంద్రము పెట్టి, దాని ప్రసారము 40 కిలోమీటర్ల వ్యాసార్ధము గల వృత్తములో వినిపించినదనుకొందము. ఆ వృత్తము వైశాల్యము సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 250 మంది చొప్పున వృత్తములో పన్నెండున్నర లక్షలమంది ఉందురు. వీరిలో వేయింటికి ఒక్కరు 1980ల పాటల కొరకే డబ్బు చెల్లించుటకు సిద్ధపడుదురని ఊహించుకొందము. అట్టివారు 1,250 మంది. వీరి చందాతో స్తంభము, యంత్రములు, విద్యుత్తు, ఉద్యోగుల జీతములు, పాటల హక్కులు ఇవన్నియు గడువవు. కావున ఆ కేంద్రము అందరికిని కొంచెము కొంచెము నచ్చు నేటి పాటలనే వేయును.

ఇక వృత్తమును పెంచి చూతము. 2011 జనాభా లెక్కల ప్రకారము నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతముల జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలు. అదే వేయింటికి ఒక్కరి చొప్పున 84 వేలమంది వత్తురు. వంద కోట్ల జనులున్న విస్తీర్ణమైనచో పది లక్షలు. రుచి మారలేదు, నిష్పత్తి మారలేదు, వృత్తము మాత్రమే మారినది. చిన్న ఊరిలో ఒంటరియైన శ్రోత, దేశము మొత్తముమీద చూచిన ఒక పెద్ద సమూహములో సభ్యుడగును. ఉపగ్రహ రేడియోలో దశాబ్దమునకొక ఛానల్ పుట్టుటకు మూలమైన సంగతి ఇదియే.

ఆకాశములో కదలని స్తంభము

స్తంభము ఎత్తు పెరిగినకొలది దిగంతము పెరుగునుగదా! స్తంభమును ఆకాశములోనే పెట్టిన ఎట్లుండును? 1945 అక్టోబరులో ఆర్థర్ సి. క్లార్క్ ఒక ఆంగ్ల పత్రికలో ఈ ఆలోచనను వివరించినాడు. భూమధ్యరేఖకు పైన దాదాపు 35,800 కిలోమీటర్ల ఎత్తులో తిరుగు ఉపగ్రహము, భూమి తనచుట్టు తాను తిరుగునంత కాలములోనే ఒక ప్రదక్షిణము ముగించును. నేలపైనున్నవారికి అది ఒకేచోట నిలిచినట్లు కనబడును. దీనినే భూస్థిర కక్ష్య అందురు.

ఈ కక్ష్యనుండి నేరుగా చేతిరేడియోలకు పాటలు పంపుటకై నోవా సమారా 1990లో వరల్డ్‌స్పేస్ సంస్థను స్థాపించినాడు. ఆ సంస్థ మొదటి ఉపగ్రహము ఆఫ్రిస్టార్ 1998 అక్టోబరు 28న ఆఫ్రికా ప్రాంతము కొరకు ఎగిరినది. రెండవదైన ఆసియాస్టార్ 2000 మార్చి 21న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ఏరియాన్-5 రాకెట్టుపై బయలుదేరి, తూర్పు రేఖాంశము 105 డిగ్రీల వద్ద నిలిచినది. దాని నుండి మూడు కిరణపుంజములు ఆసియాపై ప్రసరించినవి. ఒక్కొక్క పుంజము సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లను తడిపినది. మనము పైన ఊహించిన సూర్యాపేట వృత్తములు 2,800 కలిపినచో అంత వైశాల్యమగును.

సూర్యాపేటనుండి చూచిన ఆ ఉపగ్రహము ఎక్కడ ఉండెడిది? అక్షాంశ రేఖాంశములతో గణించిన, అది ఆగ్నేయ దిశలో, తూర్పునుండి దక్షిణమునకు సుమారు 32 డిగ్రీలు మరలి, నేలకు సుమారు 55 డిగ్రీల ఎత్తున ఉండెను. కోదాడ, మిర్యాలగూడల నుండియు దాదాపు ఇంతే. 55 డిగ్రీల టాంజెంటు 1.43. అనగా ఏరియల్‌కు 10 మీటర్ల దూరమున ఆ దిక్కులో 14 మీటర్ల గోడ ఉన్నను ఉపగ్రహము దానిపైనుండి కనబడును. చిన్న పట్టణములలో అంత ఎత్తు కట్టడములు తక్కువ. నగరమున ఎఫ్.ఎం. బాగుగా వినిపించును, చిన్న ఊరిలో వినిపించదు. ఉపగ్రహ రేడియోకు మాత్రము చిన్న ఊరి డాబాయే అనుకూలమైన చోటు.

అయితే దూరము ఊరికే పోదు. సూర్యాపేటకు ఆసియాస్టార్ దాదాపు 36,800 కిలోమీటర్ల దూరము. 40 కిలోమీటర్ల దూరముననున్న ఎఫ్.ఎం. స్తంభముతో పోల్చిన ఇది 920 రెట్లు. దూరము పెరిగినకొలది తరంగ తీవ్రత దూరపు వర్గమునకు విలోమముగా తగ్గునని తొమ్మిదవ తరగతి విద్యార్థికిని చెప్పవచ్చును. 920 వర్గము 8 లక్షల 46 వేలు. శక్తి, ఏరియల్ సమానమైనచో ఉపగ్రహపు పాట అన్ని రెట్లు బలహీనముగా చేరును. ఈ లోటును తీర్చుటకు ఉపగ్రహము తన శక్తిని అన్ని దిక్కులకు చెదరనీయక, పెద్ద ఏరియల్‌తో ఒక పుంజముగా కూర్చి పంపును. వినువాడును పలకవంటి చిన్న ఏరియల్‌ను కిటికీలోనో డాబాపైననో ఉపగ్రహమువైపు త్రిప్పి ఉంచవలెను.

ఆసియాస్టార్ 1467 నుండి 1492 మెగాహెర్ట్జ్ నడిమి పట్టీలో పాడినది. దాని తరంగదైర్ఘ్యము సుమారు 20 సెంటీమీటర్లు. ఈ తరంగము గోడను చుట్టివచ్చి లోపల చొరలేదు. కాని వానకు జంకదు. ఇంటిపై టెలివిజను డిష్‌కు వచ్చు తరంగము 2.5 సెంటీమీటర్లది. వానచినుకులు దానిని సులభముగా పీల్చివేయును గనుకనే భోరున వాన కురియునపుడు బొమ్మ గడ్డకట్టిపోవుచుండును.

పాటను కుదించుట

ఉపగ్రహమున చోటు మిక్కిలి విలువైనది. అందుచేత పాటను యథాతథముగా పంపరు, అంకెలుగా మార్చి కుదించి పంపుదురు. 1982లో బజారుకు వచ్చిన కాంపాక్టు డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, కుడి ఎడమలకు వేరువేరుగా వ్రాయుదురు. గుణించిన సెకనుకు 1,411 కిలోబిట్లు అగును. మానవుని చెవి పెద్ద శబ్దము ప్రక్కనున్న సన్నని శబ్దమును వినలేదు. తప్పెట మ్రోగుచుండగా గాజుల గలగల వినబడునా? అట్లు వినబడనిదానిని వదలివేసి, వినబడునదానినే వ్రాయు పద్ధతి ఉన్నది. నేడు అందరును ఎంపీ3 అని పిలుచునది ఆ కుటుంబములోనిదే. వరల్డ్‌స్పేస్ కూడ దానినే వాడినది. 64 కిలోబిట్లలో పాటను కుదించిన, డిస్కులోని రాశిలో ఇరువది రెండవ వంతు చాలును.

ఆసియాస్టార్ ఒక్కొక్క వాహక తరంగముపై 16 కిలోబిట్ల మార్గములు 96 ఉండెడివి. వార్తలకు ఒక మార్గము చాలును. సంగీతమునకు నాలుగు కలిపి 64 కిలోబిట్లుగా వాడినచో, ఒక వాహక తరంగముపై 24 సంగీత ఛానళ్ళు పట్టును. ఒక్క స్తంభమునుండి ఒక్క పాటగాక, ఒకేసారి ఇన్ని పాటలు! కాలమును పంచుకొనవలసిన అగత్యము తీరినది. ఇంతటి విస్తీర్ణము, ఇన్ని ఛానళ్ళు కలిసినప్పుడే ఒక్కొక్క రుచికి ఒక్కొక్క ఛానల్ కేటాయించు సౌకర్యము ఏర్పడినది.

అమెరికాలో ఎనిమిదవ నంబరు

ఈ సౌకర్యమును సంపూర్ణముగా వినియోగించుకొన్నది అమెరికా. అక్కడ ఎక్స్ఎమ్ అను ఉపగ్రహ రేడియో 2001 సెప్టెంబరు 25న ప్రసారము ప్రారంభించినది. రెండవ సంస్థ సిరియస్ 2002లో వచ్చినది. ఎక్స్ఎమ్ వారు దశాబ్దములను ఛానల్ నంబర్లతో చక్కగా జతకూర్చినారు. 1940ల పాటలకు 4వ నంబరు, 1950లకు 5, 1960లకు 6, ఇట్లు 1990లకు 9. 1980ల పాప్ పాటలు 8వ నంబరుపై వినిపించినవి. అంకె తిప్పిన, ఆ పదేండ్లలోనికి పోయినట్లే. 2008 జూలైలో రెండు సంస్థలు విలీనమై సిరియస్ ఎక్స్ఎమ్ ఏర్పడినది. 1981 ఆగస్టు 1న ఎంటీవీ అను సంగీత టెలివిజను ఆరంభమైననాడు పాటలను పరిచయము చేసిన వ్యాఖ్యాతలలో కొందరు, ఇరువది ఏండ్లు దాటిన పిదప ఈ 1980ల రేడియోలో అవే పాటలను మరల పరిచయము చేయుట ఒక విశేషము.

పాటలను దశాబ్దములుగానే ఏల విభజింపవలెను? మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనికొక ఆధారము చూపుదురు. నడివయస్సు దాటినవారిని గత జీవితమును జ్ఞప్తికి తెచ్చుకొనుమనిన, సుమారు పది, ముప్పది ఏండ్ల నడుమ జరిగిన విషయములే ఎక్కువగా చెప్పుదురు. జ్ఞాపకముల గీత ఆ వయస్సులో గుట్టవలె పైకి లేచును. సంగీతమునకును ఇది వర్తించును. కావున ‘1980ల ఛానల్’ అనగా నిజమునకు ఒక తరమువారి ఛానల్. ఆనాడు ఇరువది ఏండ్లున్నవారు నేడు అరువదికి అటునిటుగా ఉన్నారు.

అమెరికాలో శ్రోతలు అధికముగా కార్లలో వినుదురు. కారు వంతెన క్రింద దూరినప్పుడు ఉపగ్రహము మరుగగును, పాట తెగును. ఈ చిక్కును ఎక్స్ఎమ్ నేర్పుగా పరిష్కరించినది. పశ్చిమ రేఖాంశము 85, 115 డిగ్రీల వద్ద రెండు ఉపగ్రహములు నిలిపి, ఒకే పాటను రెంటినుండియు పంపినది. రెండవదానిని కొన్ని సెకనులు ఆలస్యముగా పంపినది. రేడియో సెట్టు ముందు వచ్చినదానిని దాచియుంచి, రెండవదానితో సరిచూచుకొని వినిపించును. వంతెన క్రింద ఒకటి తప్పిపోయిన, ఆ ముక్క మరియొకదానిలో దొరకును. మేడల మధ్య వీథులలో నేలపైనే చిన్న ప్రసారిణులు పెట్టి లోటు పూరించినారు.

సిరియస్ వారు వేరొక మార్గము పట్టినారు. అమెరికా భూమధ్యరేఖకు దూరము గనుక భూస్థిర ఉపగ్రహములు అక్కడ దిగంతమువైపు వాలి కనబడును. న్యూయార్కునుండి 85 డిగ్రీల ఉపగ్రహము 42 డిగ్రీల ఎత్తే. అందుచేత 2000లో ప్రయోగించిన సిరియస్ ఉపగ్రహములు మూడును దీర్ఘవృత్త కక్ష్యలో తిరిగినవి. గ్రహము సూర్యునికి దూరముగా ఉన్నపుడు మెల్లగా నడచునని కెప్లరు చెప్పినదే ఇక్కడ అక్కరకు వచ్చినది. ఉపగ్రహము భూమికి దూరమైన భాగము ఉత్తరార్ధగోళముపై ఉండునట్లు కక్ష్యను అమర్చిన, అది రోజులో సుమారు 16 గంటలు అమెరికావైపే ఎత్తున తచ్చాడుచుండును. దిగంతమున వాలిన ఉపగ్రహమునకు ఇండ్లు అడ్డమగును. నెత్తిమీదికి వచ్చినదానికి అడ్డు తక్కువ.

మన దేశమున ‘స్పందన’

మన దేశములో వరల్డ్‌స్పేస్ భాషకొక ఛానల్, సంగీత సంప్రదాయమునకొక ఛానల్ నడిపినది. కర్ణాటక సంగీతమునకు ‘శ్రుతి’, హిందుస్థానీకి ‘గంధర్వ్’, పాత హిందీ పాటలకు ‘ఫరిష్తా’ ఉండెడివి. తెలుగువారి ఛానల్ పేరు ‘స్పందన’. కోదాడలోని డాబాపైనను, హైదరాబాదులోని మేడపైనను పాట ఒకే స్పష్టతతో వినిపించుట తెలుగు శ్రోతకు కొత్త అనుభవము. నగరమునకు దూరమైనవాడు ధ్వనికి దూరము కాలేదు.

కాని 1980ల తెలుగు పాటలకే ఒక ఛానల్ కావలెనన్న మన శ్రోత కోరిక అక్కడను నెరవేరలేదు. అన్ని దశాబ్దముల తెలుగు పాటలును ‘స్పందన’ అను ఒక్క ఇంటిలోనే సర్దుకొనవలసివచ్చినది. మన లెక్కను మరల చూడుడు. వేయింటికి ఒక్కరన్నది ఊహ. ఆ ఒక్కరు ప్రత్యేకమైన రేడియో సెట్టు కొని, ప్రతి సంవత్సరము చందా కట్టవలెను. ఎఫ్.ఎం. ఉచితము, ఆకాశవాణి ఉచితము. అమెరికాలో కొత్త కార్లలో ఉపగ్రహ రేడియోను కర్మాగారముననే అమర్చినారు గనుక శ్రోతలు కార్లతోబాటు పెరిగినారు. ఇక్కడ ఒక్కొక్కరిని వెదకి ఒప్పింపవలసివచ్చినది. ఉపగ్రహముల ఖర్చు మాత్రము శ్రోతలు పదిమంది అయినను పది లక్షలయినను మారదు. వరల్డ్‌స్పేస్ 2008 అక్టోబరులో అమెరికా న్యాయస్థానమున దివాలా రక్షణ కోరినది. మన దేశములో దాని సేవ 2009 డిసెంబరు 31తో ముగిసినది.

ఆనాటితో ఆ సెట్లలోని ఉపగ్రహ విభాగము మూగబోయినది. ఉపగ్రహము పాట వాన వంటిది. కొన్నవాని చేనుపైన, కొననివాని చేనుపైన సమానముగా కురియును. దానిని అమ్మవలెనన్న, పాటకు సంకేతముల తాళము వేసి, చందాదారుని సెట్టుకు మాత్రమే తాళపుచెవి ఇయ్యవలెను. అట్టి సెట్టు ఒక సంస్థ పాటనే విప్పగలదు. సంస్థ మూతపడిన, తాళపుచెవి ఉండియు ప్రయోజనము లేదు. అదే తాతగారి మధ్యతరంగపు సెట్టు ఏ కేంద్రమునైనను పట్టును. ఒకటి ఆగిన మరియొకదానికి తిరుగును. అందరును అంగీకరించిన ప్రమాణమునకు, ఒక్కరి తాళమునకు గల భేదము ఇది. ఏ కొత్త పరికరమును కొనునపుడైనను ఈ ప్రశ్న వేసికొనుట మంచిది: ‘అమ్మినవారు లేకపోయినను ఇది పనిచేయునా?’

నేటి దారులు

ఇప్పుడు మిర్యాలగూడలోని శ్రోత సెల్‌ఫోనులో ఇంటర్నెట్టు ద్వారా ఏ దశాబ్దపు పాటలనైనను వినగలడు. కావున సమస్య తీరినదా? చాలవరకు తీరినది; కాని రెండు పద్ధతులకు భేదము గమనింపవలెను. ఇంటర్నెట్టులో ఒక్కొక్క శ్రోతకు వేరుగా ఒక ధార పంపవలెను. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువనుండి ఒక్కొక్క మడికి వేరుగా బోదె తీసినట్లు. లక్షమంది ఒకేసారి 64 కిలోబిట్ల పాట వినుచున్న, సెకనుకు 640 కోట్ల బిట్లు పంపవలెను. ఉపగ్రహమునకు లక్షమంది విన్నను, కోటిమంది విన్నను ఆ 64 కిలోబిట్లే. తుపాను వచ్చి సెల్‌ఫోను స్తంభములు పడిపోయినపుడు అందరికిని ఒకేసారి వార్త చేర్పవలసివచ్చిన, వానవంటి ప్రసారము విలువ అప్పుడు తెలియును.

తాళము లేని ఉపగ్రహ ప్రసారమును మన దేశములో ఉన్నది. డి.డి. ఫ్రీ డిష్‌లో దూరదర్శన్ ఛానళ్ళతోబాటు ఆకాశవాణి రేడియో ఛానళ్ళును నెలచందా లేకుండ వినవచ్చును. 2015లో ప్రయోగించిన జీశాట్-15 ఉపగ్రహము తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీల వద్ద నిలిచి ఆ సేవకు తోడ్పడినది. ఈ పట్టణములలో డాబాలపైనున్న డిష్‌లు ఆగ్నేయమువైపు ఏల చూచుచున్నవో ఇప్పుడు విద్యార్థులకు సులభముగా తోచును.

నేలపైని స్తంభము కథయును ముగియలేదు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము 234 కొత్త పట్టణములలో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు వేలము జరుపుటకు ఆమోదము తెలిపినది. ఆ జాబితాలో సూర్యాపేట ఉన్నది. కోదాడ, మిర్యాలగూడ లేవు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చక్కని లెక్కగా ఇయ్యవచ్చును. సూర్యాపేటనుండి సరళరేఖలో మిర్యాలగూడ సుమారు 30 కిలోమీటర్లు, కోదాడ సుమారు 41 కిలోమీటర్లు. సూర్యాపేటలో స్తంభము 50 మీటర్లయిన దిగంతము ఎంత? 100 మీటర్లయిన ఎంత? ఏ ఊరివారు నేలమీదనే వినగలరు, ఏ ఊరివారు డాబా ఎక్కవలెను? సూత్రము పైన ఇచ్చితిమి. జవాబు తేలినపుడు, ఒక ఊరికి పాట అందుట, అందకపోవుట కొన్ని మీటర్ల ఇనుముపై ఆధారపడియున్నదని పిల్లలు గ్రహింతురు.

ఇక మన శ్రోత సంగతి. ఆయన కోరినది గొప్ప వస్తువు కాదు, తన ఇరువదవ యేట విన్న పాట. దానిని ఆయన చెవికి చేర్చుటకు రెండు దూరములు దాటవలెను. భూమి వంపు ఒకటి. తనవంటివారు చాలినంతమంది దగ్గరలో లేకపోవుట రెండవది. ఉపగ్రహము మొదటి దూరమును ఒక్క అంగలో దాటినది. రెండవదానిని అమెరికాలో కార్లు దాటించినవి. ఇక్కడ చందా లెక్క దాటనీయలేదు. యంత్రము ఎంత ఎత్తుకు పోయినను, క్రింద దానిని నిలబెట్టునది వినువారి సంఖ్యయే.